ఉత్తమ స్వరం

పాలు కాచాలి. మామగారికి పరగడుపున మాత్ర ఇవ్వాలి, సరిగ్గా అరగంటకి కాఫీ. పాపకి రెండు జడలు, పాప లెక్కల పుస్తకానికి అట్ట. ఆయన నీలం చొక్కాకి ఊడిన గుండీ. మూడు బాక్సులు కట్టాలి. నానబెట్టిన బట్టలు ఉతికి ఆరెయ్యాలి. అత్తగారి కళ్ళజోడు వెతకాలి, అది ఆవిడ నెత్తిమీదే ఉందని నవ్వకుండా చెప్పాలి.

ఇవన్నీ ఫ్రిజ్ తలుపు మీద కాగితంలో ఉంటాయి. రాసేది నేనే, చదివేది నేనే, చేసేది నేనే. ఈరోజు ఆ కాగితంలో రాయనివి రెండు పనులున్నాయి. హాల్లో గోడ మీద పటం దించాలి. పదిన్నరకి వినియోగదారుల ఫిర్యాదుల కార్యాలయంలో విచారణ అధికారి ముందు కూర్చోవాలి.

ఆ పటంలో ఉన్నది దేవుడూ కాదు, పోయిన పెద్దవాళ్ళూ కాదు. ‘ఉత్తమ స్వరం’ అని బంగారు రంగు అక్షరాలు, కింద నా పేరు, ఆ కింద కంపెనీ ముద్ర, టీమ్ లీడర్ సంతకం. మా పుట్టింట్లో మొదటి డిగ్రీ నాది. పట్టా ఇంటికి తెచ్చిన రోజు మా నాన్న చదవలేక, నా పేరున్న చోటు వేలితో తడిమి చూసుకున్నాడు. ఆ పట్టా పెళ్ళయిన దగ్గర్నుంచీ బీరువాలో బట్టల అడుగునే ఉంది. ఈ కాగితాన్ని మాత్రం మా ఆయన తీసుకెళ్ళి అద్దం కట్టించి తెచ్చాడు. “డిగ్రీలు అందరికీ ఉంటాయి. ఇది చూడు, రంగుల్లో ఉంది” అన్నాడు. తనే మేకు కొట్టాడు. మా ఇంట్లో ఆయన కొట్టిన మేకు అదొక్కటే.

నేను చేసింది ఫోన్లో మాట్లాడే ఉద్యోగం. ఏదో సరస్సు పక్కనో కొండ మీదో ఉన్న రిసార్టులో ఏటా ఒక వారం ఉండే హక్కుని జనం కొనుక్కుంటారు. టైమ్‌షేర్ అంటారు. కొనేటప్పుడు ఉచితంగా భోజనం పెట్టి, బహుమతి చేతిలో పెట్టి సంతకం చేయించుకుంటారట. తర్వాత వెళ్ళినా వెళ్ళకపోయినా ప్రతి సంవత్సరం నిర్వహణ రుసుము కడుతూనే ఉండాలి. వయసు మీదపడ్డాక చాలామంది దాన్ని వదిలించుకోవాలనుకుంటారు, కొనేవాళ్ళు దొరకరు. అలాంటివాళ్ళ నంబర్లు మా కంపెనీ దగ్గర ఉండేవి. ‘మీ వారానికి కొనుగోలుదారు సిద్ధంగా ఉన్నారు’ అని మేము చెప్పాలి. బదిలీ పన్ను కింద ముందుగా కొంత కడితే చాలు, అమ్మకం పూర్తవగానే అదీ తిరిగి వచ్చేస్తుందని చెప్పాలి. ఫోన్లో చదవమని మాకు ఇచ్చిన పాఠం అచ్చువేసి ఉండేది. అచ్చులో ఉన్నది అబద్ధం కాదని నమ్మే ఇంట్లోంచి వచ్చినదాన్ని నేను.

మొదటి నెలంతా అందరూ ఫోన్ పెట్టేశారు. టీమ్ లీడర్ నా వెనక నిలబడి, “ఏమ్మా, పాఠం చదువుతున్నావా, పాలవాడి బిల్లు చదువుతున్నావా?” అనేవాడు. ఒకరోజు మధ్యాహ్నం రెండున్నర దాటింది. పొద్దున అందరి బాక్సులూ కట్టి నాది మర్చిపోయాను. అవతల ఒక పెద్దావిడ ‘హలో’ అంది. పాఠం చదవాల్సిన నోటితో, ఆకలి మీద ఉన్నానేమో, “భోజనం చేశారా అమ్మా?” అన్నాను.

అవతల రెండు సెకన్లు ఏమీ వినపడలేదు. తర్వాత ఆవిడ, “చేశానమ్మా... ఎవరు తల్లీ?” అంది. ఆ గొంతు మెత్తబడిపోయింది. ఫోన్ పెట్టెయ్యలేదు.

టీమ్ లీడర్ ఆ రికార్డింగ్ విన్నాడు. మర్నాటికి పాఠం మళ్ళీ అచ్చయింది. రెండో వాక్యం: భోజనం చేశారా అమ్మా? పక్కనే చిన్న అక్షరాల్లో: ఇక్కడ రెండు సెకన్లు ఆగాలి. హాల్లో నలభై మంది ఆడపిల్లలం. నలభై నోళ్ళు ఒకదాని మీద ఒకటిగా అదే మాట, తర్వాత అదే నిశ్శబ్దం. ‘ఉత్తమ స్వరం’ నాకు ఇచ్చింది ఆ వాక్యానికే.

“ఫోన్లో ఊళ్ళోవాళ్ళందర్నీ తిన్నావా తాగావా అని అడుగుతుందట, ఇంట్లో మన వైపు చూడదు” అని అత్తగారు వచ్చినవాళ్ళకి నవ్వుతూ చెప్పేది. అప్పుడు వాళ్ళ కంచాల్లోకి రెండోసారి వడ్డిస్తూ ఉండేదాన్ని. ఆ ఇంట్లో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పగబట్టి కాదు, ఎవరికీ తట్టలేదంతే. పొయ్యి వెలిగించేదానికి ఆకలేమిటి అనుకుంటారేమో.

ఆ ఫోన్లో మెత్తబడిన పెద్దావిడ దర్జీ. వీధివైపు గదిలో రెండు మిషన్లు పెట్టుకుని బట్టలు కుట్టేది. నేను ‘దర్జీ అమ్మ’ అనుకునేదాన్ని. భర్త పోయాడు. పోతూ ఆ వారాన్నీ, దాని రుసుమునీ ఈవిడకి వదిలిపోయాడు. తన తర్వాత అది కూతురి మెడకి చుట్టుకుంటుందని ఆవిడ భయం. ఒప్పించే వరకూ వారంలో మూడుసార్లు మాట్లాడాలని మాకు నియమం. ఆమెతో పదిహేనుసార్లు మాట్లాడి ఉంటాను. మాటల మధ్యలో మిషన్ చప్పుడు వినపడేది. “ఉండు తల్లీ, ఈ జాకెట్టు చెయ్యి అతికించి వస్తా” అనేది.

“సరస్సు బావుంటుందా అమ్మా?” అని ఒకసారి అడిగాను. పాఠంలో లేదు అది.

“కిటికీలోంచి కనపడుతుంది తల్లీ. అక్కడ వంటగది కిటికీ పెద్దది. అందరూ పడవెక్కేవాళ్ళు, నేను గిన్నెలు కడుగుతూ చూసేదాన్ని. పన్నెండేళ్ళు వెళ్ళాం. మా ఆయన సెలవు తీసుకున్నాడు, నేను పొయ్యి మార్చాను.” పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఉద్యోగంలో నేను నిజంగా నవ్విన నవ్వు అదే.

తర్వాతి వారం, “కట్టేశా తల్లీ. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ అమ్మేశాలే. ఒకటి చాలు, చూపూ తగ్గింది” అంది. బోర్డు మీద నా పేరు పక్కన టీమ్ లీడర్ నక్షత్రం అంటించాడు. ఆమె నంబరు ఆ రోజు నుంచి నా జాబితాలో రాలేదు. తిరిగి చేస్తే మోగని నంబరు మాది.

నాకు అప్పటిదాకా ఏమీ తెలియదని చెబితే అబద్ధం. తెలియకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. ఒక్క అమ్మకం కూడా పూర్తయినట్టు ఎవరమూ వినలేదు. ఇంట్లో ఒకసారి, “ఇదేదో మోసంలా ఉందండీ” అన్నాను. ఆయన టీవీ నుంచి కళ్ళు తిప్పకుండా, “మోసం చేస్తే కంపెనీ చేస్తోంది. నువ్వు ఉద్యోగం చేస్తున్నావు. నాలుగు మాటలు చెప్పి జీతం తెచ్చుకునే అదృష్టం ఎంతమందికి ఉంటుంది?” అన్నాడు. ఆ టీవీ నా బోనస్‌తో కొన్నదే.

ఒక శుక్రవారం కంపెనీ మూసేశారు. సోమవారం రెండు వీధుల అవతల వేరే బోర్డు. అవే కుర్చీలు, అదే టీమ్ లీడర్. కొత్త పాఠం: ‘టైమ్‌షేర్ అమ్మకాల్లో మోసపోయినవారి డబ్బు తిరిగి ఇప్పించే సంస్థ మాది.’ దానికీ ముందుగా కొంత కట్టాలి. జాబితా పాతదే, కట్టినవాళ్ళ పేర్ల పక్కన టిక్కులు. “ఒకసారి ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇస్తారమ్మా. పోయిందన్న బాధ ఉంటుంది కదా, అదే మనకి పెట్టుబడి” అన్నాడు టీమ్ లీడర్. రెండో వాక్యం మాత్రం మార్చలేదు.

నా జాబితాలో నాలుగో పేరు దర్జీ అమ్మది.

“భోజనం చేశారా అమ్మా?” అన్నాను.

రెండు సెకన్లు. మిషన్ ఆగిన చప్పుడు. “నువ్వే కదూ తల్లీ? నీ గొంతు నాకు తెలీదూ! నీ ఫోను రావడం మానేసేసరికి నీకేమైందో అని ఎంత హైరానా పడ్డానో. మా అమ్మాయి డబ్బు పోయిందని అరుస్తుంది, నేనేమో ఆ పిల్లకి ఒంట్లో ఎలా ఉందో అనుకునేదాన్ని.” మళ్ళీ తనే అంది: “ఎప్పుడూ నువ్వే అడుగుతావు. నువ్వు తిన్నావా?”

ఈసారి ఆ రెండు సెకన్లూ నావి. పాఠంలో దానికి జవాబు లేదు.

“లేదమ్మా” అన్నాను. తర్వాత నోరు ఆగలేదు. “అమ్మా, వినండి. ఎవరికీ ఏమీ కట్టకండి. మీ వారం కొంటామని చెప్పి ముందు మీరే కట్టండి అనేవాడు కొనేవాడు కాదు. పోయింది ఇప్పిస్తామని వచ్చేవాడూ వాడే. నాకు కూడా ఇవ్వకండి. వదిలించుకోవాలంటే నేరుగా ఆ రిసార్టుకే ఉత్తరం రాయండి. ఫిర్యాదుల ఆఫీసుకి వెళ్ళి నా గొంతు మీద కూడా ఫిర్యాదు రాయండి.”

ఆవిడ ఏమీ అరవలేదు. “సరేలే తల్లీ. ముందు నువ్వేదైనా తిను” అని పెట్టేసింది.

టీమ్ లీడర్ నా కుర్చీ వెనకే ఉన్నాడు. మెల్లగా, బుజ్జగించినట్టు అన్నాడు: “ఆవేశం వద్దమ్మా. రేపు ఎవరైనా వెతికితే మా పేర్లు ఎక్కడా లేవు. రికార్డుల్లో ఉన్నది నీ గొంతు. మొదట దొరికేది నువ్వే.” ఆ మధ్యాహ్నమే ఉద్యోగం పోయింది. ఇంట్లో, “నోరు అదుపులో పెట్టుకోలేని దానికి నోటితో చేసే ఉద్యోగమేమిటి?” అన్నాడు ఆయన. పటం మాత్రం దించలేదు.

అప్పట్నుంచి ఇంట్లో పగలు సందడి తగ్గాక ఆ రెండు సెకన్లు వస్తాయి. కుళాయి కట్టెయ్యగానే, మిక్సీ ఆపగానే, ఎడమ చెవిలో ఎవరో ఊపిరి బిగబట్టి నా తర్వాతి మాట కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. ఒక్కరు కాదు, చాలామంది. ‘భోజనం చేశావా’ అన్న మాట నాకు ఇక పలకదు. మా అమ్మకి ఫోన్ చేస్తే వాతావరణం గురించి మాట్లాడతాను. పాపని ‘కంచం ఖాళీ అయిందా?’ అంటాను. ఒకరోజు అది, “అమ్మా, ఫోన్లో ఆంటీలని అడిగేదానివే, అలా అడుగు నన్ను” అంది. సింకు వైపు తిరిగి కుళాయి తిప్పాను.

కిందటి నెల పేపర్లో చిన్న ప్రకటన చూశాను. టైమ్‌షేర్ మోసాల మీద విచారణ జరుగుతోందనీ, అలాంటి సంస్థల్లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ముందుకొచ్చి చెప్పవచ్చనీ. నాకు ఇంకా కంఠతా ఉన్న దర్జీ అమ్మ నంబరుకి ఫోన్ చేశాను. వేరే గొంతు పలికింది.

“అమ్మగారున్నారా? నేను... బట్టలు కుట్టించుకునేదాన్ని” అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో.

“అమ్మ పోయి ఇరవై రోజులైందండీ. నేను అమ్మాయిని” అంది. తనే చెప్పుకుపోయింది, ఎవరికో ఒకరికి చెప్పాలన్నట్టు. “రెండోసారి కూడా ఫోన్లొచ్చాయండీ, డబ్బు ఇప్పిస్తామని. అమ్మ ఇవ్వలేదు. ఎవరో అమ్మాయి వద్దని చెప్పిందట. రోజూ భోంచేశారా అని అడిగేదట ఆ అమ్మాయి. పోయేముందు కూడా, ‘ఆ పిల్ల తిందో లేదో’ అంది. ఫిర్యాదు రాసింది గానీ, అసలు అలాంటి కంపెనీయే లేదంటున్నాడు ఆ ఫోన్లవాళ్ళ తరఫు లాయరు. ఒక్క కాగితం ముక్క లేదు మా దగ్గర. ఆ అమ్మాయి దొరికితే బావుండునండీ.”

నేను ఫోన్ పెట్టేశాను. మా ఇంటి గోడ మీద, టీవీకి పైన, ఆ ఒక్క కాగితం ముక్క అద్దం వెనక మెరుస్తోంది. కంపెనీ పేరు, ముద్ర, సంతకం. అన్నీ అసలైనవే.

ఆయనతో చెప్పాను. “నీకేమైనా పిచ్చా? నిన్నే లోపలేస్తారు. పేపర్లో పేరొస్తే పాప గతేంటి, నా ఆఫీసులో నా మొహమేంటి? పోయినావిడ ఎలాగూ పోయింది” అన్నాడు. మూడు రోజులు ఆలోచించాను. ఆయన చెప్పినవేవీ అబద్ధాలు కావు. నిజంగానే నన్నే అడగొచ్చు మొదట. అయినా ఆ ఆఫీసుకి ఉత్తరం రాశాను. నా అసలు పేరుతో.

ఈరోజు బాక్సులు మూడు కాదు, నాలుగు కట్టాను. పటం దించుతుంటే అత్తగారు, “ఇప్పుడెందుకు దించుతున్నావు?” అంది. “దుమ్ము పట్టింది అత్తయ్యా” అన్నాను. గోడ మీద దాని చోట తెల్లటి నలుచదరం మిగిలింది.

కార్యాలయంలో బెంచీ మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో రకరకాల ముక్కలు అతికి కుట్టిన గుడ్డ సంచీ. కుట్లు ఎంత దగ్గరదగ్గరగా, తిన్నగా ఉన్నాయో. దర్జీ అమ్మ కూతురని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. అధికారి నా వైపు చూసి, “ఈ కేసుతో మీకేమిటి సంబంధం?” అన్నాడు. నా సంచీలోంచి పటం తీసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి వైపు తిరిగాను.

“భోజనం చేశారా అని అడిగిన అమ్మాయిని నేనే” అన్నాను.

రెండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. ఈసారి ఆ నిశ్శబ్దం నా చెవిలో కాదు, గదిలో ఉంది.

నేను చెప్పినదంతా గుమాస్తా రాసుకున్నాడు. నా మీద ఏం చర్య ఉంటుందో తర్వాత తెలియజేస్తారట. ఆ కాగితాల్లో దర్జీ అమ్మ గురించి ఉన్నది ఒక్క ముక్కే: ఫిర్యాదుదారు, మరణించారు. అంతకంటే రాయడానికి అక్కడ గడి లేదన్నాడు. అందుకే మీకు చెబుతున్నాను. ఎవరైనా ఫోన్ చేసి ఆప్యాయంగా పలకరించి, మీదేదో అమ్మిపెడతాం, ముందు మీరు కట్టండి అంటే, ఆ రెండు సెకన్లలో ఆవిడని తలుచుకోండి. పన్నెండేళ్ళు వంటగది కిటికీలోంచి సరస్సుని చూసినావిడని. తనని మోసం చేసిన గొంతుని ఈ లోకంలో అందరికంటే ముందు ‘నువ్వు తిన్నావా’ అని అడిగినావిడని. దయచేసి గుర్తుపెట్టుకోండి.