నారింజ పాకం

“చాక్లెట్లే కదా, పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి అయిపోవూ?” అన్నాడాయన భార్యతో, పేపరు మడిచి బల్ల మీద పడేస్తూ.

ఆయనకి ప్రమోషన్ వచ్చింది. సాయంత్రం ఆఫీసు వాళ్ళంతా ఇంటికొస్తున్నారు. కేకు కొనుక్కొస్తాడు గానీ, ఆ సాగే నారింజ చాక్లెట్లు మాత్రం ఇంట్లోనే చెయ్యాలి. ఎప్పుడు డబ్బాలో పెట్టి పట్టుకెళ్ళినా జనం ఎగబడతారట. “మా ఇంట్లో చేసినవి” అని చెప్తాడట. ఇల్లు ఎలా చేస్తుందో, ఇంటికి చేతులెక్కడున్నాయో ఇన్నేళ్ళలో ఒక్కరూ అడిగినట్టు లేదు.

ఆమె నారింజలు పిండి, గింజలు లేకుండా వడగట్టి, రసం సగమయ్యేదాకా మరిగించింది. పంచదార, గ్లూకోజు సిరప్, వెన్న వేసి గరిటె తిప్పుతూ నిలబడింది. పాకం దగ్గర్నుంచి కదలడానికి లేదు, కాస్త ఏమరితే మాడిపోతుంది. ఆ సంగతి తెలుసు గనక ఎవరూ పిలవరు. ఆ ఇంట్లో ఆమె తీరిగ్గా ఆలోచించుకునేది ఆ కాసేపే.

ఆమె ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీస్తుంది. చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదని అక్కడికొచ్చే పిల్లలు ‘చీమక్క’ అని పేరు పెట్టారు. శుక్రవారం పెద్ద డాక్టరు పిలిచి, “ల్యాబ్‌కి ఇన్‌చార్జిగా మిమ్మల్నే అనుకుంటున్నాం. సోమవారం ఏ సంగతీ చెప్పండి” అన్నారు. ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఆయనకి చెప్పింది. “మంచిదేలే. కానీ చీకటి పడేదాకా అక్కడే ఉండాలంటావు. ఎందుకొచ్చిన తలనొప్పి నీకు?” అని, ఆ వెంటనే “కూరేం చేస్తున్నావు?” అన్నాడు. మర్నాడు ఆయనకి ప్రమోషన్ వచ్చింది. ఫోన్లే ఫోన్లు. ఆమె కూడా నిజంగానే సంతోషించింది. అసూయ కాదు. ఒకే ఇంట్లో ఒకే సంగతికి రెండు పేర్లెలా వచ్చాయన్నదే ఆమెకి అంతుబట్టలేదు. ఆయనకొస్తే పండగ, తనకొస్తే తలనొప్పి. అంతకన్నా మనసు చివుక్కుమనిపించినది ఇంకొకటుంది. నిన్న బస్సులో కూర్చుని, “నాకు కుదరదండీ” అన్న మాటని ఎంత మర్యాదగా చెప్పాలా అని తనే లోలోపల సాధన చేసుకుంది. ఎవరూ బలవంతపెట్టకుండానే.

పాకం చుక్క చన్నీళ్ళలో వేసి చూసింది. వేళ్ళ మధ్య గట్టి ఉండలా నిలిచింది. దింపి, వెన్న రాసిన పళ్ళెంలో పోసి, చెయ్యి ఓర్చుకునే వేడికి వచ్చాక లాగడం మొదలుపెట్టింది. లాగడం, మడవడం, మళ్ళీ లాగడం. గాలి చేరేకొద్దీ మెత్తబడుతుంది, భుజాలు మాత్రం పడిపోతాయి.

“ఒక కొస ఇటివ్వమ్మాయ్” అంటూ అత్తగారు చేతులకి వెన్న రాసుకుని వచ్చింది. ఎప్పుడూ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి పంచదార ఎక్కువైందనడమే తప్ప, చెయ్యి వేసింది లేదు.

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని వెనక్కి జరిగారు. ముదురు రంగు పాకం మధ్యలో పట్టులా మెరుస్తూ లేత రంగుకి తిరిగింది.

“మొన్న గుమ్మంలో మీ ఇద్దరి మాటలూ విన్నాను. నేనూ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేదాన్ని, తెలుసుగా?”

“మామయ్యగారు మానిపించారని విన్నాను అత్తయ్యా.”

“ఎవరూ మానిపించలేదు. ఆయన ఒక్క మాటనలేదు. చిన్నప్పుడు వీడికి జ్వరమొచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదీ నా వంక చూసేవాళ్ళు. ఆ చూపులకే మానేశాను. తర్వాత అందరూ, ‘నీ ఇష్టమేగా’ అన్నారు.”

ఆమె చేతులు ఆగిపోయాయి. “నన్నేం చెయ్యమంటారు?”

“నన్నడక్కు. చెయ్యలేకపోయినదాన్ని.” అత్తగారు తన కొస తెచ్చి ఆమె చేతిలో కలిపింది. “లాగు, గట్టిపడిపోతోంది.”

సాయంత్రం హాలు నిండిపోయింది. కేకు కోశారు, చప్పట్లు కొట్టారు. తర్వాత చాక్లెట్ల పళ్ళెం తిరిగింది. ఆయన మేనేజరు రెండు ఒకేసారి నోట్లో వేసుకున్నాడు. కొత్తగా చేరిన ఆఫీసరమ్మ కాగితం విప్పుతూ ఆమెనడిగింది, “మీరేం చేస్తుంటారండీ?”

“ఆసుపత్రిలో ఏదో చిన్న ఉద్యోగం. ఊరికే కాలక్షేపం” అని ఆయనే జవాబిచ్చి, తనూ ఒక చాక్లెట్ నోట్లో పడేసుకున్నాడు.

హాల్లో అందరి దవడలూ సాగే పాకానికి అతుక్కుపోయి ఉన్నాయి.

“ల్యాబ్‌లో చేస్తున్నానండీ” అంది ఆమె. తన గొంతు అంత స్పష్టంగా వినిపించడం తనకే వింతగా ఉంది. “ఇన్‌చార్జిగా వేస్తున్నారు. రేపు వెళ్ళి సరేనని చెప్పేస్తున్నాను.”

ఆఫీసరమ్మ నోరు తెరవలేక చేతులు పట్టుకుని ఊపేసింది. మేనేజరు బుగ్గలు ఉబ్బించుకునే తల ఆడించాడు. ఆయన దవడలు ఆడిస్తూ, కళ్ళతోనే ఏదో అంటున్నాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. పళ్ళెం తీసుకుని వంటింట్లోకి నడిచింది.

కాసేపటికి ఆయన గబగబా నీళ్ళు తాగి, వెనకే వచ్చాడు. “అందరి ముందూ అదేంటి? నన్నొక్క మాట అడగాలని లేదూ?”

“మీ ప్రమోషన్ సంగతి మీరు నన్నడిగారా? చెప్పారు. నేను సంతోషించాను.” ఆమె పళ్ళెం కుళాయి కింద పెట్టకుండా గట్టు మీదే వదిలేసి ఆయన వైపు తిరిగింది. “ఇప్పుడు నేను చెప్పాను.”

ఆయన నోట్లో ఇప్పుడేమీ లేదు. అయినా దవడలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.