లేని తెర మీద నర్సింగ్

నల్లటి టీవీలో ఎవరి మొహమైనా కొద్దిగా ఉబ్బినట్టే కనిపిస్తుంది, తన మొహమే అయినా నీళ్ళలోంచి తీసినట్టుంది, ఛీ, ఈ పూట ఇదేం ఆలోచన అనుకుని బుచ్చన్న చూపు తిప్పుకుంటే పక్క టీవీలోనూ అదే మొహం, ప్రపంచకప్ వస్తోందని కంపెనీ క్యాంప్ హాల్లో బిగించిన టీవీలు ఇవి, స్టేడియం కట్టినవాళ్ళు ఆట చూడొద్దా అంటూ ఎవరో పెద్దాయన వీటి ముందు ఫొటో దిగిపోయాడు, ఇప్పటిదాకా వీటిలో చూసింది హెల్మెట్ పెట్టుకోండి, నీళ్ళు తాగండి అనే సినిమాలే, ఈ శుక్రవారం మధ్యాహ్నం మాత్రం హాలు నిండా జనం, తమతో పనిచేసిన నర్సింగ్ ఆఖరి చూపు కోసం వచ్చిన జనం, అక్కడ జగిత్యాల పక్క ఊళ్ళో శవయాత్ర బయలుదేరింది, ఇక్కడ ల్యాప్‌టాప్ ఈ రెండు టీవీలూ తనకెవరో తెలియదంటోంది.

ఈ గల్ఫ్ దేశంలో ఫోన్‌లో వాట్సాప్ కాల్ కలవదు, కలిసినా ఇంతమందికి అరచేతిలో ఏం చూపిస్తాం, అందుకే ఈ ల్యాప్‌టాప్, మలయాళీ ఇంజనీరు లినక్స్ ఎక్కించి వదిలేసి పోయినది, మోకాలు పోయిందిగా, హాలు ఊడ్చుకుంటూ దీన్నీ చూసుకో అని కంపెనీవాళ్ళు ఏడో తరగతిలో బడి మానేసిన తన చేతిలో పెట్టారు, ఇనుము వంచడం తప్ప ఏం వచ్చని తనకు, పొద్దున అది అప్‌డేట్ చెయ్యనా అని అడిగింది, పెద్ద పని ముందు ఇల్లు కడిగినట్టు దీన్ని కూడా శుభ్రం చేద్దామనుకుని సరే అని నొక్కాడు, అప్పటినుంచి టీవీలు నల్లబడ్డాయి, నజ్మా బస్తీలో కంప్యూటర్లు బాగుచేసే నిజామాబాద్ రఫీయుద్దీన్ ఫోన్లో తిడుతూనే ఉన్నాడు, అప్‌డేట్ కొట్టినవా కాకా, బరాత్ నడుస్తుంటే బండి ఇంజన్ ఇప్పుతరా ఎవరన్న, ఛ, సావింట్ల బరాత్ అంటున్న, మాఫ్ జెయ్యి, టీవీలకు బొమ్మ మోసేటోడు డ్రైవర్, కొత్త కర్నల్, గదే దీని ఇంజన్, ఆని కాళ్ళు ఇరగ్గొట్టింది, బంద్ జేసి మల్ల చాలు జెయ్యి, చాలయితుంటే ఎస్కేప్ నొక్కు, పాత కర్నల్ అని ఉంటది, గది వట్టుకో, జల్ది.

ఆపేముందు ల్యాప్‌టాప్‌లోంచి గంగామణి గొంతు వచ్చింది, నర్సింగ్ పెండ్లాం, ఏడ్చి ఏడ్చి మొద్దుబారిన గొంతు, అన్నా, దింపుడు కళ్ళం కాడ దించినం, మా తమ్ముడు పిలుస్తనన్నడు, నేనే వద్దన్న, ఆఖరికి ఆయినె పక్కపొంటి ఉన్నోడివి నువ్వు, నీ గొంతు గుర్తువడ్తడు, నువ్వే పిల్వాలె, దారిలో శవాన్ని దించి చెవిలో మూడుసార్లు పేరు పిలుస్తారు, ప్రాణం ఎక్కడన్నా ఇరుక్కుని ఉంటే పలుకుతుందని, పలకకపోతే ఎత్తుకుని పోయి నిప్పు పెడతారు, ఆ నేల మీద ఎక్కువసేపు ఉంచకూడదు, తన అప్‌డేట్ వల్ల ఇప్పుడు నర్సింగ్ ఆ నేల మీదే పడుకుని ఎదురుచూస్తున్నాడు, తెల్లటి అక్షరాలు పైకి పాకుతున్నాయి, పాత కర్నల్, ఎంటర్, వంటవాడు తిరుమల వెనకనుంచి గొణుగుతున్నాడు, కడప మనిషి, ఏందన్నా ఇంకెంతసేపు, ఒక్కసారి మొగం చూసిపోదామని వచ్చినాం.

టీవీలు రెండూ వెలిగాయి, హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది, మళ్ళీ కాల్ కలిసింది, డప్పు వినిపిస్తోంది, ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది, బొమ్మ మాత్రం ఎక్కడా లేదు, టీవీల నిండా ఉత్త నీలం రంగు, మౌస్ బాణాన్ని కుడికి జరిపితే ల్యాప్‌టాప్ దాటి మొదటి టీవీలోకి పోయింది, అది దాటి రెండో దానిలోకి పోయింది, అక్కడ ఆగాలి, ఆగలేదు, అంచు దాటి గోడలోకి నడిచిపోయింది, మళ్ళీ ఎడమకు లాగితే తాపీగా గోడలోంచి బయటికి వచ్చింది, రఫీ, బాణం బయటికి పోతుందిరా, సెట్టింగ్‌లల్ల సూడు కాకా, ఎన్ని తెరలు జూపెడుతుంది, నాలుగు, నీ కాడ ఎన్నున్నయ్, ల్యాప్‌టాప్‌తో కలిపి మూడే, అయితే లేని తెర ఒకటి ఉన్నదనుకుంటుంది డ్రైవర్, అప్పుడప్పుడు గట్లనే అయితది, పరేషాన్ గాకు, నీ నర్సింగ్ గా తెరలనే ఉన్నడు.

రెండో టీవీ పక్కన ఖాళీ గోడ, పెచ్చులూడిన సున్నం, తెర అక్కడే ఉందన్నమాట, దాని మీద ఇప్పుడు ఊరి బాట, జనం, నేల మీద నర్సింగ్, అంతా నడుస్తూనే ఉంది, హాల్లో కాలు పెట్టే సందు లేదు, ఆ గోడ కింద మాత్రం ఒక మనిషి మేర చోటు వదిలేసి కూర్చున్నారు, వదలమని ఎవరూ చెప్పలేదు, బుచ్చన్న మెడ మీద చెమట చల్లబడింది, ఏసీ గాలి అనుకున్నాడు, ఏసీ వేరే వైపు ఉంది.

అన్నా, కనవడ్తుందా, అంది గంగామణి, ఈడ పొద్దు గూట్లె వడ్తుంది, పెద్దమనుషులు ఆగుతలేరు, తమ్ముడు ఇంకో ఫోన్ చెవుకాడ వెట్టిండు, పిల్వు, ఆఁ చెల్లె, కనవడ్తుంది అన్నాడు గోడ వైపే చూస్తూ, డప్పు ఆగింది, ఓ నర్సింగూ, అన్నాడు, ఎవరూ పలకలేదు, కాసేపటికి ఊరి ఫోన్‌లో పడ్డ తన గొంతే తిరిగివచ్చింది, ఓ నర్సింగూ, ఏదో చిన్న గదిలోంచి పిలిచినట్టు, మూసిన దాంట్లోంచి పిలిచినట్టు, ఓ నర్సింగూ, అని రెండోసారి పిలిచాడు, ఈసారి తిరిగివచ్చిన గొంతు తనకంటే ముసలిదిగా ఉంది, తనను ఎవరో లోపలినుంచి పిలుస్తున్నట్టుంది, రెండో చెవిలో రఫీ, నాలుగో తెర డబ్బా మీద నొక్కు కాకా, బంద్ జెయ్యి, ఓకే అను, నొక్కాడు.

గోడలోంచి దూకినట్టు బొమ్మ వచ్చి టీవీల మీద పడింది, ఎర్రమట్టి బాట, వెదురు పాడె, పాడె మీద చెక్కపెట్టె, మేకులు కొట్టిన చెక్కపెట్టె, దాని ఒక కొసకు ఫోన్ ఆనించిన చెయ్యి, మొగం యాడన్నా అన్నాడు తిరుమల, చెల్లె, పెట్టె తెర్వలేదా, ఎట్ల తెరుస్తమన్నా, దినాలు గడిచినయ్, తెర్వద్దన్నరంట కంపెనోళ్ళు, నువ్వు ఆడ జూసే ఉంటవు గదా, గదే ధైర్నం మాకు, తను చూశాడా, ఎక్కడ చూశాడు, ఉత్తరాన మదీనత్ అల్ షమాల్‌లో పని ఉందని నర్సింగ్‌ను బస్సెక్కించారు, కొన్నాళ్ళకు పోయాడని కబురు చెప్పారు, ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు మాఫీ మాఫీ, లేదు పో అని తోసేస్తే, పోనీ, ఇంటివాళ్ళు ఎట్లాగూ చూసుకుంటారని తిరిగివచ్చాడు, ఇక్కడ తను చూశాడని వాళ్ళు, అక్కడ వాళ్ళు చూస్తారని తను, మూడో పిలుపు కోసం తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది, అది కూడా పిలిస్తే ఎత్తేస్తారు, కాల్చేస్తారు, నర్సింగ్ చచ్చిపోయాడని రెండు దేశాలకూ తెలుసు, చచ్చిన నర్సింగ్‌ను అతన్ని ఎరిగినవాడి కన్ను ఒక్కటీ చూడలేదు, ఆ పెట్టెలో ఎవరున్నారో ఈ హాల్లోగానీ ఆ బాట మీదగానీ చెప్పగలిగినవాడు లేడు, గంగామణీ, లేపనియ్యకు, నేను పిల్వ, ముందుగాల మేకులు పీకుమను.