క్లచ్చు దిగని పాదం

చలసాని మురహరి కారు దిగుతాడు. అతని ఎడమ పాదం దిగదు. అది చెప్పుతో సహా క్లచ్చు పెడల్ మీదే ఉండిపోతుంది. మిగతా మురహరి కుంటుకుంటూ విజయవాడ ఆటోనగర్‌లోని దావీదు మేస్త్రీ షెడ్డులోకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంటాడు. కైకలూరులో అతనిది చేపల మేత వ్యాపారం.

"మేస్త్రీ గారూ, ఇంజన్లో టకటకమంటోందండి. సిగ్నల్ దగ్గర క్లచ్చు తొక్కితే ఆయాసపడిపోద్ది. మొన్న ఆయిలు మారిస్తే అడుగున వెండి రజను తేలింది. అక్కడ ఇంజను అరిగిపోతావుంటే ఇక్కడ నాకు తిన్నది అరగట్లేదు."

"పాదం ఎన్నాళ్ళ నించి దిగట్లేదు?"

"రెండు వారాలండి. అది వేరే సంగతి. దానికి డాక్టర్ని అడుగుతా."

"వేరే సంగతేం కాదు," అంటాడు దావీదు.

పాతికేళ్ళుగా అనుమానమే అతనికి అన్నం పెడుతోంది. బండిని చూడకముందే బండివాణ్ణి అనుమానిస్తాడు, ఆ తర్వాత ఆయిలుని, ఆఖర్న దేవుణ్ణి. ఇవాళ పాదాన్ని చూస్తాడు. పాదం కూడా అతన్ని అలాగే చూస్తున్నట్టుంది.

ఆటోనగర్‌లో ఒక పద్ధతి ఉంది. బండిని చెడగొట్టినదేదో దాన్ని విప్పి, కొత్త సామాను వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి యజమాని చేతికివ్వాలి. ఆయన కళ్ళారా చూసుకోవాలి. ఇంజను అరగడానికి పాదం కారణమైతే పాదం పెట్టెలోకి పోతుంది. ఈ సంగతి మురహరికి తెలుసు. పాదానికీ తెలుసు. బొటనవేలు పెడల్ రబ్బరుని ఇంకాస్త గట్టిగా కరుచుకుంటుంది.

తెలిసీ ఎవరూ అననిది ఇంకొకటుంది. మూడు నెలల క్రితం ఈ కారుకి టర్బో ఎక్కించారు. ఆ బలానికి పాత క్లచ్చు జారిపోతుంటే, రెట్టింపు బిగువున్న ప్లేటు వేసింది దావీదు కుడి చెయ్యే. అందుకే ఆ చెయ్యి ఇప్పుడు జేబులో ఉంది.

పక్క షెడ్డు నుంచి లేతు మిషను సుభానీ సందులు కొలిచే డయల్ గేజి పట్టుకొస్తాడు. "ఏంది మేస్త్రీ, రోహిణి కార్తెలో చెయ్యి జేబులో పెట్టావ్? చలేస్తందా?"

"గేజి పెట్టవయ్యా."

సుభానీ ఇంజను ముందరి పుల్లీకి గేజి ఆనించి, ఇంజను ఇరుసైన క్రాంకుని గడ్డపలుగుతో వెనక్కి నెట్టి వదులుతాడు. తొక్కి ఉన్న క్లచ్చు దాన్ని మళ్ళీ ముందుకు తోస్తుంది. గేజి ముల్లు రెండు చుట్లు తిరిగి సిగ్గుపడి ఆగుతుంది. వెంట్రుక పట్టాల్సిన చోట వేలు పడుతోంది. క్రాంకు ముందుకు జరిగిన ప్రతిసారీ షెడ్డు ముందు గోడ మర్యాదగా ఒక గజం తప్పుకుని దారి ఇస్తుంది. మురహరి కూర్చున్న స్టూలు గోడతోపాటే దూరమవుతోంది.

"క్రాంకుని ఆపే అర్ధచంద్రం వాషర్లు అయిపోయినయ్," అంటాడు సుభానీ. "ఎవరో అదే పనిగా తోశారు. ఎవరంటావ్?"

"తొక్కింది ఎవరో కనపడతానే ఉందిగా," అంటాడు దావీదు.

"పాదం తీసేస్తే చెరువు గట్లు ఎట్టా ఎక్కనండి?" దూరం నుంచి మురహరి గొంతు వస్తుంది. "ఏనాడూ ఎవరి మీదా ఒంటికాలి మీద లేచిన మనిషిని కాను. ఇప్పుడు లేవాలన్నా అదొక్కటే దారి."

దావీదు పొడవాటి స్క్రూడ్రైవరు తీస్తాడు. ఇంజను రోగం వినడానికి మొన ఇంజనుకీ పిడి చెవికీ ఆనిస్తారు. అతను మొనని పాదం చీలమండకి ఆనిస్తాడు.

"ఎందుకు దిగవు?"

"సెల్ఫ్ కొట్టే ముందు క్లచ్చు నిండా తొక్కి పట్టమన్నావు," అంటుంది పాదం. "కొత్త ప్లేటు బిగువుగా ఉంటది, భయపడొద్దన్నావు. తొక్కి పట్టాను. ఎప్పుడు వదలాలో నువ్వు చెప్పలేదు."

నిజమే. ఆ మాట అతను ప్రతి బండివాడికీ చెబుతాడు. ఆయిలు ఇంకా పైకెక్కని పొడి ఇంజనులో, ఆ ప్లేటు బిగువంతా రోజూ పొద్దున్నే వాషర్ల మీద పడుతుందని మాత్రం చెప్పలేదు. అతనికి తట్టలేదు కూడా.

"ఏమంటంది?" అంటాడు సుభానీ.

ఇది దావీదుకి ఒక్కడికే వినబడింది. ప్లేటు ఫిరాయించాలంటే ఇదే సమయం. కాని అతను వేసిన ప్లేటు అంత సులువుగా ఫిరాయించే రకం కాదు. అతను మాట్లాడకపోయేకొద్దీ షెడ్డు సాగుతోంది. మురహరి ఇప్పుడు బజారు అవతలి కొసన మనిషంత చిన్నగా, పెట్టె కోసం రెండు చేతులూ చాచి కూర్చున్నాడు.

"వదులు," అంటాడు దావీదు పాదంతో.

పాదం వదులుతుంది. కారు దిగి, చెప్పు సర్దుకుని, షెడ్డు పొడవునా నడుచుకుంటూ యజమాని దగ్గరికి పోతుంది. ఎక్కడా వెనక్కి చూడదు.

"అయితే చెడ్డ సామాను ఏది?" సుభానీ అడుగుతాడు.

దావీదు జేబులోంచి కుడి చెయ్యి తీసి, మణికట్టు దగ్గర పట్టుకుని ఎడమవైపుకి మూడు చుట్లు తిప్పుతాడు. చెయ్యి ఊడి వస్తుంది. రెండు చుక్కల ఆయిలు తప్ప ఏమీ కారదు.

"ఇన్నాళ్ళకి నిజంగా చెయ్యి తిరిగింది మేస్త్రీ," అంటాడు సుభానీ. ఎగతాళి చేసే గొంతు కాదది.

దావీదు ఎడమ చేత్తో, సుభానీ రెండు చేతులతో కొత్త వాషర్లు ఎక్కుతాయి. బిగువు తక్కువ ప్లేటు ఎక్కుతుంది. మురహరి పెట్టె మూత తీసి చూసుకుంటాడు. లోపలి వేళ్ళు నమస్కారం పెట్టబోయి, రెండో చెయ్యి లేక ఆగిపోతాయి. "మంచిదండి," అని మురహరి పెట్టె చంకలో పెట్టుకుంటాడు. కారు చప్పుడు లేకుండా వెళ్ళిపోతుంది.

దావీదు రోడ్డు మీదకి వస్తాడు. రోడ్డు తొక్కిన పెడల్‌లా ఒక అంచున వంగడం మొదలుపెడుతుంది, నిదానంగా, నిండా. లారీల చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, లారీలు కదలవు. టీకొట్టు కెటిలు నుంచి దిగుతున్న టీ గ్లాసుకి జానెడు పైన నిలబడుతుంది. మనుషులు తమ నీడల కంటే బెత్తెడు ముందుకు జరిగి ఆగిపోతారు.

అతను పైకి చూస్తాడు. బెంజి సర్కిల్ నుంచి కానూరు దాకా ఆకాశమంతా అరికాలు. 'వదులు' అందామని నోరు తెరుస్తాడు. మడమ పగుళ్ళలో కొంగలు గూళ్ళు కట్టుకున్నాయి. ఒక గూటిలోంచి పిల్ల కొంగ మెడ సాచి, అతను ఏమంటాడోనని అనుమానంగా కిందికి చూస్తోంది.