పీటల మీద లేని తండ్రి

ధనంజయ ఆ ఉత్తరాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఎన్నిసార్లు చదివినా ఒకేచోట ఆగిపోతున్నాడు.

‘దరఖాస్తుదారు సమాజంలో పెళ్ళిళ్ళు బంధుమిత్రుల సమక్షంలో ఘనంగా జరగడం ఆచారం. ఈ పెళ్ళి ఆ ఆచారానికి తగినట్లు జరగలేదు.’

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. బీఎస్సీ చదివినవాడు కాబట్టి అర్థం కావడానికి అడ్డేమీ లేదు. అర్థమయ్యే కొద్దీ చెవులు వేడెక్కుతున్నాయి, అంతే. ఎక్కడో మంచు కురిసే దేశంలో బల్ల ముందు కూర్చున్న మనిషెవరో, నగరిలో మరమగ్గాలు నడుపుకునే తనకు తన ఆచారమేమిటో చెబుతున్నాడు. ఆ దేశం పేరు కూడా పలకబుద్ధి కాలేదు ఆయనకు.

పక్క కుర్చీలో ఆయన కూతురు పూజిత తల వంచుకుని కూర్చుంది. పెళ్ళయి ఏడాది దాటింది. మొగుడు భానుచందర్ చిత్తూరు పిల్లవాడు, ఆ దేశంలోనే ఒక ఆసుపత్రిలో నర్సు. సెలవు పెట్టి వచ్చి, తాళి కట్టి, రిజిస్టర్ ఆఫీసులో సంతకం పెట్టి, సెలవు అయిపోగానే తిరిగి వెళ్ళాడు. భార్యను తీసుకువెళ్ళడానికి వేసిన వీసా దరఖాస్తుకు వచ్చిన జవాబే ఈ ఉత్తరం. శుభలేఖ లేదట. ఆల్బమ్ లేదట. పెట్టిన నాలుగు ఫొటోల్లో కన్యాదానం చేస్తున్నది కన్నవాళ్ళు కాదట. పెళ్ళికూతురి తండ్రి బతికే ఉన్నా ఒక్క ఫొటోలోనూ లేడట. అందుకని ఇది నిజమైన పెళ్ళని నమ్మలేమన్నారు.

“పాప వాళ్ళమ్మ పోయిన సర్టిఫికెట్ నీకు ఇచ్చినానే, అది యాడ పెట్టినావప్పా?” అని అడిగాడు ధనంజయ.

బల్లకు అవతల ఉన్నది మోహన్‌కృష్ణ. తిరుపతి బస్టాండుకు దగ్గరలో, మిఠాయి అంగడి పైన వీసా ఆఫీసు పెట్టుకున్నాడు. “చెక్‌లిస్టులో అది అడగలేదు సార్. అడగనిది పెడితే లేనిపోని డౌట్లు వస్తాయి. నేనే తీసి పక్కన పెట్టినా” అన్నాడు, మెచ్చుకుంటారేమో అన్నట్లు చూస్తూ.

ఆ ఒక్క కాగితం ఉంటే మిగతాదంతా దానంతటదే అర్థమయ్యేది. భార్య మోహన పోయాక ఏడాది తిరక్కముందే పిల్ల పెళ్ళి చేయాలి, లేకుంటే ఇంకో మూడేళ్ళు ఆగాలి అన్నారు పెద్దవాళ్ళు. చావు జరిగిన ఇంట్లో మేళతాళాలతో చేయడానికి మనసెలా వస్తుంది? శుభలేఖలు వేయించలేదు, ఫోన్లలో పిలిచారు. తిరుచానూరులో అమ్మవారి గుడికి దగ్గర చిన్న సత్రం తీసుకున్నారు. ఫొటోగ్రాఫర్ వద్దనుకున్నారు, ఎవరో ఫోనులో తీసినవే ఆ నాలుగు ఫొటోలు. కన్యాదానం దంపతులే చేయాలి. భార్య లేనివాడు పీటల మీద కూర్చోడు. అందుకే తమ్ముడు రఘునాథ్, మరదలు శకుంతలమ్మ కూర్చుని అల్లుడి కాళ్ళు కడిగారు. ధనంజయ వంటగది గడపలో నిలబడి చూశాడు. ఇదంతా ఆచారం ప్రకారమే జరిగింది. ఆచారం ప్రకారం జరిగినందుకే, ఆచారం ప్రకారం జరగలేదని కొట్టేశారు.

“ఇప్పుడు దీనికి మందు ఉండాది సార్” అన్నాడు మోహన్‌కృష్ణ, కుర్చీ ముందుకు జరుపుకుని. “అలిపిరి రోడ్డులో మనకు తెలిసిన మండపం ఉండాది. ఒక పూట తీసుకుందాం. స్టేజీ, పూలు, జనం అంతా మావాళ్ళే చూసుకుంటారు. రిసెప్షన్ ఫొటోలని పెడదాం. పాప పట్టుచీర కట్టుకోని వస్తే చాలు.”

“అల్లుడు ఈడ లేడు కదప్పా!”

“ఎడిటింగ్ సార్. మా పిల్లోడు ఎవుర్నైనా పెడతాడు.” గొంతు తగ్గించాడు. “మీ మరదలు మీ పక్కన నిలబడితే, ముఖం మాత్రం మార్చి మేడమ్‌ది పెట్టేస్తాం. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నట్టే ఉంటాది. మేడమ్ పోయినట్టు మనం యాడా రాయలేదు కదా. కాగితాల్లో మేడమ్ ఇంకా బతికే ఉండారు సార్. అదే మనకు ప్లస్సు.”

ధనంజయ లేచి నిలబడ్డాడు. ఆయన పెద్దగా అరిచే మనిషి కాదు. మగ్గాల దగ్గర పనివాళ్ళు కూడా ఆయన గొంతు వినాలంటే దగ్గరికి రావాలి. ఇప్పుడు కూడా అరవలేదు.

“నేను నా చేతుల్తో కొరివి పెట్టినానప్పా ఆమెకి. నీ కాగితాల్లో బతికిందా?” అన్నాడు. “మా ఫైలు ఇచ్చెయ్.”

మోహన్‌కృష్ణ నవ్వు ముఖాన అలాగే నిలిచిపోయింది. ఫైలు తెచ్చిచ్చిన ఆఫీసు అమ్మాయి, అడక్కుండానే ఒక గ్లాసు నీళ్ళు కూడా పట్టుకొచ్చింది. ధనంజయ నిలబడే తాగి, “నీకు మంచి జరగాల తల్లీ” అన్నాడు. ఆ ఆఫీసులో ఆ మాటకు తగిన మనిషి ఆమె ఒక్కతే అనిపించింది ఆయనకు.

*

నగరి బస్సులో సీట్లు లేవు. తిరుచానూరు నుంచి పూలగంపతో ఎక్కిన ఒక ఆడమనిషి పూజిత ముఖం చూసి, గంపను ఒళ్ళోకి తీసుకుని, “రామ్మా, కూసో” అని చోటిచ్చింది. ధనంజయ పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు వడమాలపేట దాటింది.

“వాడి మాటలు విన్నావు కదా పాపా?” అన్నాడు చివరికి.

“విన్నా.”

“ఎంత ధైర్యమో చూడు వానికి. మీ అమ్మని...”

“నాయనా, నీ కోపం నీకు బాగుండాది. నేనెట్ల బతికేది?” పూజిత కిటికీలోంచి బయటికే చూస్తోంది. “వీధిలో అడుగు పెడితే చాలు, ఎప్పుడు పోతావు, ఎప్పుడు పోతావు అంటారు. పోయిన వారం ఒకామె, అబ్బాయి నిజంగానే పిలస్తా ఉండాడా అని అడిగింది. ఆయనేమో డ్యూటీ నుంచి వచ్చి ఫోను పట్టుకోనే నిద్రపోతా ఉండాడు. తలకాయ లేని ఫొటోలో, తలకాయ మార్చిన ఫొటోలో, ఏదో ఒకటి పెట్టి పంపిచ్చు.”

“అబద్ధం పాపా అది.”

“తెలుసు.” కొంచెం ఆగింది. “నా పెళ్ళి ఫొటోలో అమ్మ ఒక్కదాంట్లోనైనా ఉంటే చూడాలని నాకు లేదనుకుంటా ఉండావా?”

ధనంజయకు ఆ ఉత్తరం రాసిన మనిషి మీద, మోహన్‌కృష్ణ మీద ఉన్న కోపం అలాగే ఉంది. ఈ మాట మీద మాత్రం కోపం రాలేదు. పూలామె ఏమీ విననట్లే గంపలోంచి మూర మల్లెపూలు తెంపి పూజిత చేతిలో పెట్టింది. చిల్లర ఇవ్వబోతే ధనంజయ చేతిని తోసేసింది.

*

సాయంత్రానికి సంగతి తెలిసి శకుంతలమ్మ వచ్చింది. వస్తూనే కొంగు నడుముకు దోపుకుంది.

“నేను కన్యాదానం చేసింది దొంగ కన్యాదానమంటనా బావా? పొద్దున్నించి పచ్చినీళ్ళు ముట్టలేదు నేను ఆ పొద్దు! ఆ దొరని ఫోనులోకి పిలువు, నేను మాట్లాడతా.”

“దొరకి ఫోను లేదమ్మా శకుంతలా. ఉత్తరాలే.”

“అయితే రాయి. శకుంతలమ్మ అడగతా ఉండాదని రాయి. వాళ్ళ దేశంలో పెండ్లాం సచ్చినోడు కూతురి పెండ్లి ఎట్ల చేస్తాడో సెప్పమను.”

ఇంత కష్టంలోనూ ధనంజయకు నవ్వొచ్చింది. పూజిత కాఫీ తెచ్చి చిన్నమ్మ ముందు పెట్టి, ఏజెంటు చెప్పిన ఉపాయం చెప్పింది. మండపం సంగతి, అద్దె జనం సంగతి, ముఖం మార్చే సంగతి.

శకుంతలమ్మ గ్లాసు ఎత్తినదల్లా దించింది. “అంటే నా తలకాయ తీసేసి అక్క తలకాయ పెడతాడా?”

“అట్లే చిన్నమ్మా.”

“చీర నాది, చేతులు నావి, తల అక్కది! సిగ్గులేదా వానికి? అక్క నాకన్నా ఎంత తెలుపు! మెడ దగ్గర పట్టుబడిపోతాడు!”

పూజిత ఫక్కున నవ్వింది. శకుంతలమ్మా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే పూజిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నమ్మ చేయి పట్టుకుని అలాగే కూర్చుంది. ఆ చేతులే తల్లి చేయాల్సిన పనులన్నీ చేశాయి. నలుగు పెట్టాయి, జడ వేశాయి, కాళ్ళ మీద నీళ్ళు పోశాయి.

“పెళ్ళిలో ఉండేది నువ్వు కదా చిన్నమ్మా” అంది మెల్లగా. “నిన్ను తీసేస్తే ఇంక అది నా పెళ్ళి ఎట్లయితాది?”

శకుంతలమ్మ ముక్కు చీదుకుంది. తర్వాత బావగారి వైపు తిరిగింది. “ఇంకో మాట బావా. ఆ పొద్దు ఫొటోకి రమ్మని నేను కేకేసినా. పెండ్లి అయిపోయినంక అందరం కలిసి దిగుదామని. నువ్వు రాలేదు. అప్పుడు ఏ ఆచారం అడ్డం వచ్చింది?”

ధనంజయ ఉలిక్కిపడ్డాడు. నిజమే. పీటల మీద కూర్చోకూడదన్నారు గాని, ఫొటోలో నిలబడకూడదని ఎవరూ అనలేదు. వంటగది గడపలో నిలబడమని కూడా ఎవరూ చెప్పలేదు. శుభం జరిగేచోట తాను ఉండకూడదేమో అని ఆయన ఒంటికి ఆయనే నేర్పుకున్నాడు. ఇన్ని నెలలుగా దాని గురించి ఒక్కసారి కూడా కోపం రాలేదు. ఇప్పుడొచ్చింది.

“కొత్తగా వేద్దాం పాపా. ఏజెంటు లేకుండా. ఉన్నదున్నట్టు” అన్నాడు.

పూజిత తలూపింది. “మళ్ళీ కొట్టేస్తే?”

“మళ్ళీ వేద్దాం.”

*

పుత్తూరులో నోటరీ బాలసుబ్రమణ్యం పాతకాలపు మనిషి. ధనంజయ చెప్పిందంతా విని, టైపు చేయడం మొదలుపెట్టాడు. భార్య మరణం, ఏడాది లోపు పెళ్ళి, తమ్ముడు, మరదలు కన్యాదానం, అన్నీ వరుసగా రాశాడు. ఒక చోట ఆగాడు.

“భార్య లేనివాడు ఎందుకు కూర్చోకూడదో కారణం రాయాలప్పా. వాళ్ళకు తెలీదు గదా.”

“కారణం...” అన్నాడు ధనంజయ. వెతికాడు. మోహనతో కలిసి పెంచిన బిడ్డ. మోహన మంచాన పడ్డాక కూతురి పరీక్ష ఫీజులు, జ్వరాలు, జడలు అన్నీ తానే చూసుకున్నాడు. ఆ బిడ్డను మరొకరి చేతిలో పెట్టడానికి మాత్రం అర్హత లేకపోయింది. దీనికి కారణమేమిటని పరాయి దేశంవాడు అడిగితే చెప్పడానికి తన దగ్గర ఒక్క ముక్క లేదు. ఆ దొర మీద రావాల్సిన కోపంలో సగం ఈ ఆచారం మీదికి తిరిగింది.

“ఇట్ల రాయండి సార్” అన్నాడు. “ఇది మా ఆచారం. నాకు నచ్చలేదు. అయినా పాటించినాను.”

బాలసుబ్రమణ్యం కళ్ళద్దాల మీదుగా చూశాడు. “నచ్చలేదు అనేది అవసరమా?”

“అది లేకుంటే మిగతాది నిజం కాదు సార్.”

నోటరీ టైపు చేసి, ముద్ర వేసి, కాగితం చేతికిస్తూ “నాకు కూడా ఇద్దరు ఆడపిల్లలప్పా” అన్నాడు.

ఆ ఆదివారం ధనంజయ ఇంటి వరండాలో ఒక ఫొటో తీయించారు. మధ్యలో పూజిత, ఒక పక్క తండ్రి, ఇంకో పక్క చిన్నాన్న, చిన్నమ్మ. పూజిత చేతిలోని ఫోనులో, డ్యూటీ బట్టల్లోనే ఉన్న భానుచందర్ నవ్వుతున్నాడు. గోడ మీద మోహన పటం, దానికి దండ. ఫొటో కింద పూజిత తన చేత్తోనే రాసింది: ‘పెళ్ళినాటి ఫొటో కాదు. మీరు నమ్మలేదు కాబట్టి ఇప్పుడు తీసింది.’

చెన్నైలో దరఖాస్తులు తీసుకునే చోట కౌంటర్లోని అమ్మాయి ఆ ఫొటోను, నోటరీ కాగితాన్ని, మరణ ధ్రువపత్రాన్ని వేరు చేసి పక్కకు నెట్టింది. “ఇదెల్లాం లిస్ట్‌లో లేదు సార్” అంది తమిళం కలిపి.

“లిస్టులో లేకపోతే మా బతుకులో లేదా తల్లీ?” అన్నాడు ధనంజయ. గొంతు కొంచెం పెరిగింది. వెనక వరుసలోవాళ్ళు తల తిప్పి చూశారు. “పోయినసారి లిస్టులో లేదనే తీసేసినారు. లేదని చెప్పి కొట్టేసినారు. ఈసారి మీరు తీసుకోవాల్సిందే. తీసుకోకుంటే తీసుకోలేదని రాసి సంతకం పెట్టి ఇవ్వండి. నేను ఈడే కూర్చుంటా.”

ఆ అమ్మాయి ఆయన ముఖం చూసింది, మరణ ధ్రువపత్రం చూసింది. ఏమనుకుందో ఏమో, లోపలికి వెళ్ళి ఎవరినో అడిగి వచ్చి, మూడూ ఫైల్లో పెట్టి క్లిప్పు వేసింది. “వెచ్చిట్టేన్ సార్, పెట్టేసినా” అంది చిన్నగా.

*

వానలు మొదలయ్యాక పాస్‌పోర్టు వచ్చింది. లోపల వీసా ముద్ర ఉంది. పూజిత కేక విని శకుంతలమ్మ పక్కవీధి నుంచి పరుగెత్తుకొచ్చింది. అవతల భానుచందర్ ఫోనులో ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. మగ్గాలు కాసేపు ఆపి పనివాళ్ళకు లడ్డూలు పంచారు.

అందరూ వెళ్ళిపోయాక ధనంజయ ఆ కవరును తలకిందులు చేసి దులిపాడు. లోపలికి చేయి పెట్టి వెతికాడు.

“ఏం వెతకతా ఉండావు నాయనా? అంతా వచ్చింది కదా.”

“ఒక మాట వస్తాదేమో అని పాపా. మేము పొరపాటు పడినాము, మీ ఇంట్లో సావుని, పెండ్లిని తప్పుగా చదివినాము అని.”

“అట్ల రాయరు నాయనా వాళ్ళు. వదిలెయ్.”

“వదలను” అన్నాడు ధనంజయ. కళ్ళద్దాలు పెట్టుకుని, తెల్లకాగితం తీసుకుని ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాడు. పేజీ నిండింది. రెండో వైపు తిప్పాడు. జవాబు రాదని ఆయనకూ తెలుసు. రాసింది కూతురికి ఇచ్చాడు, తప్పులుంటే దిద్దమని.

పూజిత నిలబడే చదివింది. ఒకచోట పెదవి కొరుక్కుంది. చివరికి వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళింది.

“అంతా బాగుండాది నాయనా. మొదటి మాట తీసెయ్.”

“ఏది?”

“‘రెస్పెక్టెడ్’.”

“కాలేజీలో అట్లే నేర్పించినారు పాపా. అది లేకుండా ఎట్ల మొదలుపెట్టేది?”

“వాళ్ళు ఎట్ల మొదలుపెట్టినారో అట్లే. వాళ్ళ ఉత్తరంలో ఆ మాట ఉండిందా?”

ధనంజయ కలం పట్టుకుని కాసేపు ఆ మాట వైపే చూశాడు. తర్వాత దాని మీద గీత కొట్టాడు. ‘సర్’ అన్నది మాత్రం ఉంచేశాడు.