బయట కట్టిన సామాను

జిగురునీళ్ళలో తడిపిన పల్చటి కాగితాన్ని పట్టకారుతో ఎత్తి, గోరంత లప్పం ముద్ద మీద కప్పి, మూటలాయన ఊపిరి బిగబట్టాడు. కాగితం ఆరకముందే ముడతలు పెట్టాలి. పుల్ల మొనతో ఇక్కడో నొక్కు నొక్కాడు, అక్కడో మడత తీశాడు. దారంతో రెండు చోట్ల బిగించి కట్టేసరికి ముద్ద కట్లకు అటూ ఇటూ ఉబ్బింది. ఉబ్బితేనే అది పరుపుచుట్ట. లేకపోతే ఉత్త లప్పం.

అది యుద్ధ ట్యాంకుల నమూనాలు చేసే వర్క్‌షాపు. ఒక్కో ట్యాంకు మూరెడు పొడవుంటుంది. ఒకరు భాగాలు అతికిస్తారు, ఒకరు రంగులు వేస్తారు. ట్యాంకు సిపాయిలు బయట కట్టుకునే సామానంతా ఈయన చేతిలోది, అందుకే మూటలాయన అని పేరు. పరుపుచుట్టలు, టార్పాలిన్లు, నీళ్ళ డబ్బాలు, పారలు, కొక్కేనికి వేలాడే మగ్గులు. టూత్‌పేస్టు గొట్టం కత్తిరించి మగ్గుకి చెవి అతికించగలడు. ఆయన చెయ్యి పడేదాకా అది బొమ్మ, పడ్డాక నలుగురు మనుషులు నెలల తరబడి కాపురమున్న ఇల్లు. ఈ మాట యజమాని కొనేవాళ్ళతో అంటుంటాడు. అన్నప్పుడల్లా మూటలాయన తల ఎత్తడు గానీ చెవులు మాత్రం అటే ఉంటాయి.

సొంత కాపురం దగ్గర ఆ చెవులు పనిచెయ్యవు. ఇంతమందికి ప్రయాణపు సామాను కట్టిన మనిషి తను మాత్రం ఊరు దాటి ఎరగడు. మామగారు పోయినప్పుడు "నువ్వు పద, వెనకాలే వస్తా" అని భార్యని బస్సెక్కించి, ఎగ్జిబిషన్ పని ఉందని తిరిగొచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. ఆమె అన్నీ అయ్యాక ఒక్కతే వచ్చింది. దెబ్బలాడలేదు. దెబ్బలాడలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాడు ఆ మహానుభావుడు.

ఇవాళ పొద్దున్న ఆయన చెప్పులు వేసుకుంటుంటే ఆమె గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది.

"అక్కయ్య వాళ్ళ ఊళ్ళో ఇల్లు మాట్లాడాను. ఇక అక్కడే ఉంటాను. సాయంత్రం బస్సు. చీకటి పడకముందే రండి."

"ఎందుకు, నీ సామాను కట్టడానికా?" అని నవ్వాడు.

"దానికే అనుకోండి."

"ఈ మాట ఎన్నిసార్లు అనలేదు నువ్వు?"

"ఎన్నిసార్లన్నా వెళ్ళేది ఒక్కసారే."

మెట్లు దిగుతుంటే ఆ మాట ఎక్కడో చురుక్కుమంది. ఈసారి నిజంగానే పోయేలా ఉందనిపించింది. అందుకే వర్క్‌షాపుకి వస్తూనే యజమానితో, ఇవాళ ఎండ ఉండగానే వెళ్ళిపోతానని చెప్పాడు. యజమాని నోరు తెరిచి, ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగాడు.

మధ్యాహ్నం చెయ్యి కడుక్కుంటుండగా డ్రైవరుగారు వచ్చారు. వయసులో ఉండగా ట్యాంకు నడిపిన మనిషి. ఇప్పుడు చేతికర్ర సాయంతో నడుస్తున్నారు. తను నడిపిన ట్యాంకునే నమూనాగా చేయించుకుంటున్నారు. ఆయన బల్ల మీదికి వంగి చాలాసేపు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"మా మగ్గులు," అన్నారు. "వెనక నుంచి ఆ చప్పుడు వింటూనే నడిపేవాణ్ణి."

మూటలాయనకి కడుపు నిండిపోయింది. అంతలో పెద్దాయన వేలు ట్యాంకు వెనక భాగాన ఆగింది. అన్నిటికన్నా అందంగా కుదిరిన పరుపుచుట్ట అక్కడే ఉంది.

"ఈ పరుపు ఎవరిదండీ?"

"గుండ్లు అందించే కుర్రాడిదండి."

"పాపం, రాత్రికి వాడు బూడిద మీద పడుకుంటాడు. దాని కింద ఇంజను జాలీ ఉంది కదండీ. కుంపటి అది. అక్కడ చొక్కా ఆరేసినా మాడిపోయేది."

రంగులవాడు కిసుక్కున నవ్వాడు. మూటలాయన వంగి ఆ జాలీ వంక చూశాడు. ఎన్నేళ్ళుగానో, ఎన్ని ట్యాంకులకో, చూపుకి నిండుగా ఉంటుందని సరిగ్గా అక్కడే పరుపు పెడుతున్నాడు. అవన్నీ ఇప్పుడు ఎవరెవరి అద్దాల బీరువాల్లోనో ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ పరుపు మీద ఒక మనిషి పడుకోవాలన్న సంగతే తట్టలేదు.

"దానికేమండీ, రేపు మార్చండి, ఎల్లుండి మార్చండి. నాకేం తొందర," అన్నారు డ్రైవరుగారు, కర్ర అందుకుంటూ. "మా ఆవిడ ఆటోలో కూర్చుంది. ఇంకాస్త ఆలస్యమైతే నన్ను వదిలేసి వెళ్ళిపోతుంది."

ఆయన వెళ్ళేటప్పటికి కిటికీ గట్టు మీద ఎండ ఇంకా ఉంది. యజమాని కూడా "మీరు వెళ్తానన్నారుగా, వెళ్ళండి" అన్నాడు. ఎవరూ ఆపలేదు. ఇది చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత ఆయన నలుగురికీ వేరేలా చెప్పుకున్నాడు.

"అయిదు నిమిషాలు," అని కూర్చున్నాడు.

పరుపు ఊడదీస్తే కింద రంగు పెచ్చులుగా లేచొచ్చింది. జాలీ గీకి మళ్ళీ రంగు పూశాడు. ఊడిన పరుపు నలిగిపోయిందని కొత్తది చుట్టాడు. దాన్ని పక్కన కడితే నీళ్ళ డబ్బా అడ్డమొచ్చింది. డబ్బా జరిపితే పార వంకరగా కనపడింది. చివరికి అన్నీ కుదిరి తల ఎత్తేసరికి నెత్తి మీద లైటు వెలుగుతోంది. ఎవరు వేశారో తెలియదు. వర్క్‌షాపులో ఎవరూ లేరు.

వీధి మలుపు నుంచి పరుగు లాంటి నడక. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మిషను ఆపింది.

"ఇప్పుడే వెళ్ళింది అన్నయ్యా. ఇందాకటిదాకా మెట్ల మీద కూర్చుని వీధి వైపే చూసింది. ఆటోవాడు విసుక్కుంటే లేచింది."

"ఏమైనా చెప్పిందా?"

"చెప్పడానికేముంది అంది."

గదిలో లైటు వేశాడు. కొక్కేనికి చీర లేదు. దువ్వెన లేదు, మందుల డబ్బా లేదు, గోడ మీద వాళ్ళమ్మా నాన్నల ఫొటో లేదు. మళ్ళీ వచ్చే మనిషి ఫొటో తీసుకెళ్ళదు. అంతమాత్రం సామాను చదవడం ఆయనకి వచ్చు. ముందు కోపమొచ్చింది. తర్వాత మంచం అంచున కూలబడ్డాడు.

అప్పుడు కనిపించింది తలుపు వెనక సంచి. బరువుగా, నోరు బిగించి కట్టి ఉంది. మరిచిపోయి వెళ్ళిందనుకుంటే ప్రాణం లేచొచ్చింది. దీనికోసమైనా వెనక్కి రావాలి కదా. ముడి విప్పాడు.

తన చొక్కాలు. తన గడ్డం సామాను. తన పాత కళ్ళజోడు, గుడ్డలో చుట్టి. ఇంకా లోపలికి చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమాడు. ఆమెది ఒక్క వస్తువు లేదు. రమ్మన్నది మూటలు కట్టడానికి కాదని, తనని కూడా వెంట తీసుకెళ్ళాలనుకుందని తెలిసి, ఆ ఇంట్లో మొదటిసారి గట్టిగా ఏడ్చాడు.

బరువైన బట్టలు అడుగున ఉన్నాయి, బస్సులో కప్పుకునే దుప్పటి పైన ఉంది. ఆయన వంక పెట్టడానికి ఏమీ లేదు. చేతికందేలా పక్క జేబులో నీళ్ళ సీసా నిలబెట్టి ఉంది. చల్లటి నీళ్ళతో నింపినట్టుంది, దాని ఒంటి మీద పట్టిన చెమ్మ ఇంకా ఆరలేదు.