మందు కాని బిళ్ళ

స్కూలు గది తలుపు మీద రెండో రాయి పడేసరికి డాక్టర్ శ్రీరమ్య రక్తం సీసాల పెట్టెను బల్ల కిందికి తోసింది. తలుపుకు వీపు ఆనించి నిలబడ్డ షమీమ్ కదల్లేదు.

బయట పేటంతా ఉంది. మిరప కళ్ళంలో తాలు కాయలు ఏరుతూ షమీమ్ చెల్లెలు కౌసర్ పొద్దున కుప్పకూలింది. ఒంగోలు ఆసుపత్రికి చేరేసరికి తెలివి లేదు. కిడ్నీలు రెండూ పనిచేయడం లేదన్నారు. ఏటా వచ్చి రక్తం తీసుకెళ్ళే డాక్టరమ్మ వల్లే ఇదంతా అని ఒక గొంతు లేచింది. మిగతావాళ్ళు రాళ్ళు ఏరుకున్నారు.

ఆ రక్తం ఇప్పించింది షమీమే. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బులు ఎందుకొస్తున్నాయో, రాకుండా ఎలా ఆపాలో తేలాలంటే అవే మనుషులను ఏళ్ళ తరబడి చూడాలని డాక్టరమ్మ చెబితే, ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించింది. మొదట చేరింది కౌసర్. భర్త పేరు చెప్పమన్నప్పుడు షమీమ్ నోరు మెదపకపోతే, "మా అక్క బావ పేరు పలికితే ఆకాశం ఊడిపడుద్దండీ" అని నవ్వి తనే చెప్పింది. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ ప్రశ్నకు జవాబు చెల్లెలిదే.

శ్రీరమ్య ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి. కౌసర్ ఏ మందులు వాడేదో వెంటనే చెప్పాలట. అది తెలియకుండా వైద్యం చేయడం చీకట్లో రాయి విసరడమేనట.

"షమీమ్, మీ చెల్లెలు మందేమైనా వాడేదా?"

"లేదండీ. మందు కొట్టేది మగాళ్ళు. మందు కొట్టిన చేలోకి మేం వెంటనే దిగం కూడా."

శ్రీరమ్య ఫోన్‌ను చెవి దగ్గర్నుంచి దించింది. ఇన్నేళ్ళూ పేటలో ఆడవాళ్ళంతా ఇదే జవాబు చెప్పారు. ఆమె ఒంటి మందు గురించి అడిగింది. వాళ్ళు చేను మందు గురించి చెప్పారు.

"పురుగుమందు కాదమ్మా. నొప్పులకు బిళ్ళలేమైనా మింగేదా?"

"బిళ్ళ మందెట్టా అవుద్దండీ? అది సత్తువ బిళ్ళ. నడుములు పట్టేయకుండా మేస్త్రి టీతో పాటు అందరికీ ఇస్తాడు. కోతలు మొదలైతే రోజూ అంతే."

శ్రీరమ్య పెన్ను అందుకుంది. అవి నొప్పి బిళ్ళలే అయివుంటాయనీ, నీళ్ళు చాలని ఒంటితో ఎండలో రోజూ మింగితే కిడ్నీలు పోతాయనీ చెప్పింది. ఆ బిళ్ళ పేరు కావాలి. ఇప్పుడే కావాలి. ఎవరా మేస్త్రి?

ఆ పేరు షమీమ్ ఏనాడూ పలకలేదు. నిరుడు ఆడవాళ్ళ కాళ్ళు వాస్తున్నాయని ఇంట్లో చెబితే, బిళ్ళ సంగతి డాక్టరమ్మకు చెప్పొద్దనీ, అది మందు కాదనీ ఆయనే అన్నాడు. కళ్ళంలో అందరి చేతుల్లోనూ బిళ్ళ పెట్టి, తనకు మాత్రం ఉత్త టీ గ్లాసే ఇచ్చేవాడు. నీకొద్దులే అనేవాడు. అది ప్రేమనుకుంది.

పొద్దున డాక్టరమ్మ మీద లేచిన మొదటి గొంతు ఎవరిదో కూడా ఇప్పుడు గుర్తొచ్చింది.

గడియ తీసింది. మెట్ల కింద చెల్లెలి మొగుడు రసూల్ రాయి పట్టుకుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడి పక్కనే ఆయన.

"తప్పుకోవే," అన్నాడు ఆయన. "ఆమెను బయటికి రానీ."

"వదినా, అడ్డం లే," అన్నాడు రసూల్. "నా పెళ్ళాన్ని అట్టా చేసినోళ్ళను వదల్ను."

ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. జేబులోంచి బిళ్ళల అట్ట అంచు మెరిసింది. షమీమ్ దాన్నే చూస్తూ ఒక మెట్టు దిగింది.

"రాయి పడేసి ఆ జేబులో అట్ట తీసి డాక్టరమ్మకియ్యి, రసూల్. నీ పెళ్ళాన్ని పడేసింది ఆమె కాదు."

"మరెవరు?" అన్నాడు రసూల్.

"బాజీ," అంది షమీమ్. "మా ఆయన బాజీ."