రేగుచెట్టు దగ్గర మలుపు

ఒకప్పటి ముత్యాల వ్యాపారి పాత బంగళాను, దాని చుట్టూ వేసిన పార్కును జనం కోసం తెరిచి చాలా రోజులైనా నేను వెళ్ళలేదు. చమురు, గ్యాస్ డబ్బుతో దోహా అంతా మేడలు లేస్తున్న కాలంలో ఆ పార్కు పని మా వారు సుధాకరరావుగారు చూశారు. తెరిచేనాటికి ఆయన లేరు.

చివరికి నర్సింలు కోసం బయలుదేరాను. ఆయన కింద పనిచేసిన జగిత్యాల మనిషి. వీసా ముగిసి, ఇక ఊరికి వెళ్ళిపోతున్నాడు.

"టీచరమ్మా, పోయేలోపల సార్ చెట్టును ఒక్కపారి చూడాలె. బతికిందో లేదో తెల్వకుంట పోతే నాకు మనసున వట్టది" అని ఫోన్ చేశాడు.

ఆ చెట్టు సంగతి నాకు తెలుసు. బంగళా ముందు ఒక ముసలి రేగుచెట్టు ఉండేది. ఇక్కడివాళ్ళు సిద్ర అంటారు. గేటు నుంచి బంగళా తలుపుకు నేరుగా వేయవలసిన దారికి అది అడ్డం. పైపుల కోసం తవ్వినప్పుడు వేళ్ళు తెగి, ఆకులన్నీ రాల్చేసింది. చచ్చిపోయింది, కొట్టేయమన్నారు పైవాళ్ళు. మా వారు ఒప్పుకోక దారినే వంచారు. నర్సింలు రోజూ నీళ్ళు పోశాడు. ఆ వేసవిలోనే ఆయన గుండె ఆగింది. అప్పటికి చెట్టు ఇంకా చిగురించలేదు. నర్సింలును వేరే సైటుకు మార్చారు.

అతనికి సెలవు శుక్రవారమే. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోని మా ఇంటి నుంచి టాక్సీలో నేను చేరేసరికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు బయట ఎండలో నిలబడి ఉన్నాడు.

"లోపలికి వెళ్ళలేదేం?"

"శుక్రవారం ఫ్యామిలీలకేనంట. ఒక్కడొస్తే బ్యాచిలరేనంట. మాఫీ, లేదు పో అన్నడు." నవ్వాడు. "పెండ్లయి ఇద్దరు పిల్లలాయె. ఈడ నేను బ్యాచిలర్‌నంటే మా బాలవ్వ నవ్వుతది."

గేటు దగ్గర కాపలాదారు నేపాలీ. మర్యాదస్తుడు. మీరు వెళ్ళవచ్చు మేడమ్, ఇతనికి కుదరదు అని హిందీలో చెప్పాడు.

"ఇతను నాతో వచ్చాడు" అన్నాను.

"మీకేమవుతాడు?"

"తమ్ముడని చెప్పుండ్రి టీచరమ్మా" అన్నాడు నర్సింలు వెనక నుంచి మెల్లగా. "గాయనకేం తెలుస్తది?"

అలా అనడం తేలికే. కానీ అబద్ధం చెప్పి ఆయన వేసిన దారిలో నడవడం నాకు ఇష్టం లేకపోయింది. మా వెనక పిల్లల బండితో నిలబడిన పెద్దమనిషి "యల్లా, యల్లా" అని తొందర పెట్టాడు.

"మీరు పోయి చూసి రాండ్రి. ఉన్నదో లేదో చెప్తే చాలు."

"లేదు నర్సింలు. నువ్వే చూడాలి."

మాకు పిల్లలు లేరు. మా వారి శవపేటిక వెంట కంపెనీ నర్సింలును పంపింది. మా ఊరు ఏలూరులో, ఇంటి నుంచి బయలుదేరేముందు నిప్పుకుండ ఎవరు పట్టుకోవాలన్న మాట వచ్చింది. దాయాదులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "నేను వట్టుకుంట" అన్నాడు నర్సింలు. అతను ఎవరు, ఏమిటి అని ఎవరో అడగబోతే, పట్టుకోనివ్వండి అన్నాను. దోహాకు తిరిగి వచ్చి, పాఠాలు చెప్పే బడిలో మళ్ళీ చేరాక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"నా భర్త చితికి నిప్పు పెట్టింది ఇతనే" అన్నాను.

కాపలాదారు నర్సింలు వైపు తిరిగాడు. "గుండు చేయించుకున్నావా?"

నర్సింలు తల మీద చెయ్యి తిప్పి, "పూరా" అన్నాడు.

"మా నాన్నకు మా అన్న పెట్టాడు" అన్నాడు కాపలాదారు. "నేను ఇక్కడ డ్యూటీలో ఉన్నాను." అడ్డంగా కట్టిన తాడును తప్పించాడు. "వెళ్ళండి. ఫ్యామిలీయే."

నర్సింలు ముందు నడిచాడు. రెండు వైపులా పచ్చిక, పూలమడులు. నేను వాటిని సరిగా చూడలేదు. దారి కొంత దూరం నేరుగా సాగి ఒకచోట కుడికి వంగింది. ఆ వంపులో చెట్టు ఉంది. ఆకు సందున ఆకుతో, కొమ్మ కొమ్మకూ కాయలతో.

నర్సింలు చెట్టు మొదలు మీద చెయ్యి వేసి పైదాకా చూశాడు. తరువాత అందుకున్నాడు.

"చెట్టు కొట్టేయమన్న ఆ ఫోర్‌మన్ ఇప్పుడు కనవడాలె. ఖలాస్, ఖలాస్ అని ఒక్కటే మొత్తుకునె. రా బిడ్డా, రెండు పండ్లు తినిపో అందును."

నేను నవ్వాను. చాలా కాలానికి నా నవ్వు నాకే వినిపించింది.

"సార్ గెలిచిండు టీచరమ్మా."

"నువ్వు పోసిన నీళ్ళతోనే కదా."

రాలిన పండ్లు ఏరి రుమాలులో కట్టాడు. ఒకటి నోట్లో వేసుకున్నాను. తీపి, వెనకాల కొంచెం వగరు.

తరువాత బంగళాలోకి వెళ్ళాం. మందపాటి సున్నపు గోడలు, చెక్కిన తలుపులు, గాలి కోసం కట్టిన బురుజు. మేడ మీద, వ్యాపారి అతిథులతో కూర్చునే గదిలో, కిటికీ ముందు ఆగాను. కింద దారంతా కనిపిస్తోంది. గేటు నుంచి ఎందరో వస్తున్నారు. నల్లబురఖాల ఆడవాళ్ళు, పరుగెత్తే పిల్లలు, యల్లా అని తొందర పెట్టిన పెద్దమనిషి, అతని బండి. చెట్టు దగ్గరకు వచ్చేసరికి అందరూ ఆయన వంచిన చోటే వంగి, దాన్ని చుట్టి వస్తున్నారు.

"మొత్తం దోహాను తిప్పుతుండు సార్" అన్నాడు నర్సింలు.

బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర నర్సింలు రుమాలు విప్పి, కాపలాదారు దోసిట్లో గుప్పెడు పండ్లు పోశాడు.

"మా సార్ చెట్టువి" అన్నాడు.